అద్దంలో వణుకు

మా బావ సాయంత్రం పని నుంచి వచ్చి, చెప్పులు విప్పి, కాళ్ళూ చేతులూ కడుక్కుని కుర్చీలో కూలబడ్డాడో లేదో మా అక్క మొదలుపెడుతుంది.

"ఆయన కోడలికి నెలలు నిండాయన్నారు కదా, ఏం పుట్టింది?"

"ఎవరి కోడలికి?"

"ఎవరి కోడలేంటండీ! పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా మీ పక్కనే ఉంటాడే, ఆయన కోడలికి!"

"ఓహో. అడగలేదు."

"ఆయనా చెప్పలేదా?"

"చెప్పలేదు."

"మరి పది గంటలు ఇద్దరూ కూర్చుని ఏం మాట్లాడుకున్నారు?"

మా బావ అబద్ధం చెప్పే మనిషి కాదు. కాసేపు ఆలోచిస్తాడు. "లప్పం గురించి," అంటాడు. "ఈమధ్య వచ్చే లప్పం తొందరగా గట్టిపడిపోతోంది. అద్దం అంచుకి పట్టించేలోపే బిగుసుకుపోతోంది. దాని గురించే."

అక్క నా వంక చూస్తుంది, నువ్వైనా చెప్పరా అన్నట్టు. నేనేం చెప్పను, నా మొహం? నేను వాళ్ళ బండి నడిపేవాణ్ణి, రోజంతా వాళ్ళతోనే తిరుగుతాను. వాళ్ళు నిజంగానే లప్పం గురించి మాట్లాడుకున్నారు. భోజనాలయ్యాక ఒక అరగంట మేకుల గురించి కూడా మాట్లాడుకున్నారు, అది అక్కకి చెప్పి లాభం లేదు.

మా బావది అద్దాల పని. మొహం చూసుకునేవి కాదు, కిటికీలకీ తలుపులకీ దుకాణాల ముందు భాగాలకీ బిగించేవి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే. మనిషి పొట్టి, మీసం పెద్దది, నమ్మకం తక్కువ. ఇంకొకరి టేపుతో కొలిచింది నమ్మడు. తన టేపుతో కొలిచింది కూడా మూడుసార్లు చూస్తేగానీ నమ్మడు. ఎవరింటికి వెళ్ళినా, బాగున్నారా అని మనుషుల్ని పలకరించడానికి ముందు కిటికీ అద్దాన్ని వేలితో తట్టి చూస్తాడు. నా పెళ్ళికి ముందు మా ఆవిడ పుట్టింటికి మొదటిసారి వెళ్ళొచ్చినప్పుడు, "వాళ్ళు ఎలాంటివాళ్ళు అల్లుడూ?" అని మా అమ్మ ఆత్రంగా అడిగింది. "కిటికీలు వదులుగా ఉన్నాయత్తయ్యా," అన్నాడు. అంతకుమించి ఆయన నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు. ఆ వదులు కిటికీల ఇంటికే అల్లుణ్ణయ్యాను.

ఇక ఆయన జోడీ నిదానం అన్న. అది అసలు పేరు కాదు. అద్దం ఎత్తినప్పటి నుంచి దించేదాకా "నిదానం, నిదానం" అనడం తప్ప ఇంకో మాట అనడు కాబట్టి వీధి వీధంతా అలాగే పిలుస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అడిగినదానికి జవాబు చెబుతాడు, అడక్కపోతే చెప్పడు. మా బావేమో అడగడు. ఇంకేం, ఇద్దరికీ కుదిరిపోయింది.

పెద్ద అద్దం మోయడం ఇద్దరి పని. నిలువుగా పట్టుకుని మా బావ ముందు నడుస్తాడు, నిదానం అన్న వెనక. అరచేతులకి తోలు తొడుగులు. దీనికి వాళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లు కొన్నున్నాయి. తుమ్మొస్తే "తుమ్ము!" అని ముందే కేకెయ్యాలి. అప్పుడు ఇద్దరూ అద్దం దించి, తుమ్మేవాడు తాపీగా తుమ్మి, ముక్కు తుడుచుకున్నాక మళ్ళీ ఎత్తాలి. ఎవరు "దించు" అన్నా రెండోవాడు కిక్కురుమనకుండా దించాలి. ఎందుకని అడగకూడదు. ఒకసారి నడిరోడ్డు మీద నిదానం అన్న "దించు" అన్నాడు. ఇద్దరూ అద్దం పట్టుకుని పది నిమిషాలు అలా నిలబడ్డారు, వెనక బళ్ళవాళ్ళు నన్ను నోటికొచ్చినట్టు తిడుతున్నారు. ఎందుకు దించమన్నాడో మా బావ ఇప్పటిదాకా అడగలేదు. ఈ అడగకపోవడం పనిలోంచి బతుకులోకి పాకిపోయిందని నా అనుమానం.

"అడగాల్సిన పనేముందిరా," అంటాడు మా బావ. "అద్దమే చెబుతుంది. అవతలి చెయ్యి సరిగ్గా నిద్రపోయిందా లేదా, ఇంట్లో మాటా మాటా అనుకుని వచ్చిందా, అన్నం తిని వచ్చిందా తినకుండా వచ్చిందా, పట్టుకోగానే నా వేళ్ళకి తెలిసిపోతుంది."

"మరి కోడలికి ఏం పుట్టిందో చెప్పదా?"

"పిచ్చివెధవా, అంతదాకా చెప్పదు," అన్నాడు, నేను నిజంగానే అడిగాననుకుని.

ఇలా ఉండగా మా బావకి ఏదో పురుగు కుట్టింది. పెద్ద అద్దాల పనులు ఒప్పుకోవడం మానేశాడు. పళ్ళ డాక్టరు తన గదికి ఒకే పెద్ద కిటికీ అద్దం కావాలంటే, "వద్దండీ, ఆరు ముక్కలు చేసి మధ్యలో చెక్కలు పెడదాం, అందంగా ఉంటుంది," అన్నాడు. ఆరు ముక్కలు ఎందుకయ్యా అంటే, "మీకు తెలీదండీ, నోరు తెరిచి కూర్చున్నవాడికి బయట ఒకే పెద్ద ఆకాశం కనిపిస్తే భయమేస్తుంది," అన్నాడు. ఆ డాక్టరు పాపం నమ్మాడు. మంగలి షాపు తలుపుకి అద్దం కాకుండా చెక్క పెట్టించుకోమని సలహా ఇచ్చాడు. అద్దాల పనివాడు చెక్క పెట్టుకోమని చెప్పడం ఎక్కడైనా విన్నామా? నాకు ఒళ్ళు మండేది గానీ, ఊరుకున్నాను.

అటు నిదానం అన్న కూడా మామూలుగా లేడు. పది అడుగులకోసారి "దించు" అనేవాడు. మోకాలు నొప్పి అనేవాడు. తీరా చూస్తే మధ్యాహ్నం బస్సు వెనకాల పరిగెత్తి ఎక్కుతున్నాడు.

సరిగ్గా ఇలాంటప్పుడు బట్టల దుకాణం మేనేజరు ఫోన్ చేశాడు. దుకాణం ముందున్న అద్దం మార్చాలట, ఎనిమిది అడుగులకి ఆరు అడుగులు, ఒకటే పలక. బావ కొలతలకి ఎక్కడికో వెళ్ళాడు, ఫోన్ నేనే ఎత్తి, అంతకన్నానా అని ఒప్పేసుకున్నాను. సంగతి చెప్పగానే మా బావ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"కొంప ముంచావు కదరా!"

"ఏం, అద్దాల కొట్టుకి అద్దం పని వస్తే కొంప మునుగుతుందా?"

నిదానం అన్న కొట్టు పెరట్లో కుళాయి దగ్గర గిన్నె కడుక్కుంటున్నాడు. మా బావ అటు చూసి, నా చొక్కా పట్టుకుని అద్దాల వెనక్కి లాక్కెళ్ళాడు.

"వాడి చేతులు వణుకుతున్నాయిరా," అన్నాడు.

"ఎవరివి?"

"వాడివే. మూడు నెలలైంది. అద్దం ఎత్తగానే తెలుస్తోంది. సన్నగా, ఆగకుండా వణుకుతోంది. చిన్న పలకలైతే పరవాలేదు. ఎనిమిదడుగులది జారిందంటే వెనకున్నవాడి మీదే పడుతుంది. చచ్చిపోతాడురా."

"అయితే చెప్పు బావా."

"ఏమని చెప్పను? ఇక నువ్వు మోయడానికి పనికిరావు, ఇంట్లో కూర్చో అని చెప్పనా? వాడికి ఈ పని తప్ప ఏముంది? అది పోతే మంచం పట్టేస్తాడు." మా బావ కళ్ళు ఎర్రబడ్డాయి. పాతికేళ్ళలో ఆయన్ని అలా చూడలేదు. నేను అనబోయిన వెటకారం మింగేశాను.

ఎలా చెప్పాలో నా మీద సాధన చేస్తానన్నాడు. సరే, నేను నిదానం అన్నలా స్టూలు మీద కూర్చున్నాను.

"ఒరేయ్," అన్నాడు నాతో, గొంతు సవరించుకుని. "మనిషన్నాక వయసు వస్తుంది."

"ఊఁ."

"వయసొచ్చాక... కొన్ని అవయవాలు..."

"ఏ అవయవాలు బావా?"

"నువ్వు నోరు మూసుకో! వాడు మధ్యలో అడగడు!"

నాలుగుసార్లు చేశాం. నాలుగుసార్లూ అవయవాల దగ్గరే నీళ్ళు నమిలాడు. అయినా ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని నిదానం అన్న ఇంటికి బయల్దేరాడు. రెండు గంటలు ఉన్నాడు. నేను గుమ్మంలోనే కాపు కాశాను.

"చెప్పావా?"

"వాళ్ళ వంటింటి కిటికీకి లప్పం రాలిపోతోందిరా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఇద్దరం కలిసి పెట్టేశాం."

అద్దం బిగించాల్సిన రోజు వచ్చింది. పొద్దున్నే నేను బండి కడుగుతుంటే నిదానం అన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. తనంతట తాను ఎప్పుడూ నోరు విప్పని మనిషి, రెండుసార్లు దగ్గాడు.

"తమ్ముడూ, నీకో మాట చెప్పాలి. మీ బావ చేతులు వణుకుతున్నాయి."

నా చేతిలో గుడ్డ బకెట్లో పడిపోయింది.

"మూడు నెలలైంది," అన్నాడు. "అద్దంలో నాకు తెలుస్తోంది. నేను చెబితే బాధపడతాడు. నువ్వు ఇంటివాడివి, నువ్వు చెప్పు. ఇవాళ మాత్రం ఎత్తనివ్వకు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఒక అద్దం, రెండు చివరలు. అద్దం వణుకుతోంది. ఇద్దరూ అవతలివాడే అనుకున్నారు. అవతలివాణ్ణి కాపాడడానికి ఒకడు పళ్ళ డాక్టరు కిటికీని ఆరు ముక్కలు చేశాడు, ఒకడు లేని మోకాలు నొప్పి తెచ్చుకున్నాడు. ఒక్కడు నోరు తెరిచి ఒక్క ముక్క అడిగుంటే ఏ మొదటి వారంలోనో తేలిపోయేది. తల ప్రాణం తోకకొచ్చింది నాకు.

బట్టల దుకాణం ముందు బండి ఆపి, ఇద్దరూ తొడుగులు వేసుకుంటుంటే నేను వెనక తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"అద్దం తియ్యడానికి వీల్లేదు. బావా, నిదానం అన్న చేతులు వణుకుతున్నాయని నాకు చెప్పావు. అన్నా, బావ చేతులు వణుకుతున్నాయని నువ్వు చెప్పావు. ఎవరివో ముందు తేల్చండి!"

తొడుగులు సగంలో వదిలేసి ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగారు. ఆపైన ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి పోట్లాడుకున్నారు.

"నావా? నీవిరా!"

"నీవే."

"ఒరేయ్, నీకు తెలీదని మూడు నెలలుగా చస్తున్నాను నేను!"

"నేనూ అంతే."

దుకాణం మేనేజరు బయటికొచ్చాడు. "ఏమయ్యా, అద్దం పెడతారా, తగవులాడుకుంటారా?"

"ఉండవయ్యా బాబూ," అన్నాను. "నీ అద్దం ఎక్కడికీ పోదు."

బండిలోంచి ఒక చిన్న అద్దం ముక్క తీశాను. దాని మీద రసమట్టం పెట్టాను. అద్దం సమంగా ఉందో లేదో చూడ్డానికి వాళ్ళు రోజూ వాడేదే, మధ్యలో గాజు గొట్టంలో నీటి బుడగ ఉంటుంది. ముందు నిదానం అన్నని చేతులు చాపమన్నాను. అద్దం ఆయన అరచేతుల మీద పెట్టాను. బుడగ రెండు గీతల మధ్యకి వచ్చి కూర్చుంది. కదల్లేదు.

తరవాత మా బావ చేతుల మీద పెట్టాను. బుడగ ఒక్క చోట నిలవలేదు. గీత దాటి అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది.

"రసమట్టం పాడైంది," అన్నాడు మా బావ.

ఇంకోటి తెచ్చాను. అదీ అంతే. ఎడమ చెయ్యి ఒక్కటే చూడమన్నాడు, చూశాను. కుడి చెయ్యి ఒక్కటే చూడమన్నాడు. తన టేపుతో కొలిచినట్టే మూడుసార్లు చూసుకున్నాడు. చివరికి అద్దాన్ని తనే జాగ్రత్తగా బండిలో పెట్టి, వెనక మెట్టు మీద కూర్చున్నాడు.

"నాదేరా," అన్నాడు.

నిదానం అన్న వెళ్ళి పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మా మగాళ్ళ సంగతి ఇంతే. ఎదురుబొదురుగా కూర్చోబెడితే లప్పం, మేకులు. పక్కపక్కన కూర్చుని వచ్చేపోయే బళ్ళు చూస్తుంటే ఎప్పటికో ఒక మాట బయటికొస్తుంది.

"మా నాన్నకీ ఇలాగే మొదలైందిరా," అన్నాడు మా బావ. "చివర్లో చొక్కా గుండీలు నేనే పెట్టేవాణ్ణి. ఆయన మొహం అటు తిప్పుకుని నిలబడేవాడు, నా మొహం చూడ్డానికి సిగ్గేసి. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు నేను."

నిదానం అన్న వింటున్నాడు.

"భయమేస్తోందిరా," అన్నాడు మా బావ.

"నాకూ భయంగానే ఉంది," అన్నాడు నిదానం అన్న. "మా ఆవిడ జబ్బు పడ్డప్పుడు కూడా ఇలాగే ఉండేది. రోజూ పొద్దున నీకు చెబుదామనుకునేవాణ్ణి. నువ్వు అద్దం ఎత్తేవాడివి. నేనూ ఎత్తేవాణ్ణి."

"వదినకి జబ్బు చేసిందా? ఎప్పుడు?"

"ఆరేళ్ళ కిందట. ఇప్పుడు బాగుందిలే. ఆ రోజు నడిరోడ్డు మీద దించమన్నానే, ఆ పొద్దున్నే ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. కళ్ళు కనపడలేదు నాకు."

మా బావ ఉన్నట్టుండి, "నీ కోడలికి ఏం పుట్టిందిరా?" అని అడిగాడు.

"కవలలు. నాలుగు నెలలు నిండాయి."

"కవలలా! ఒరేయ్ దుర్మార్గుడా, చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా!"

మా బావ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మేనేజరు మళ్ళీ వచ్చాడు. ఈసారి మెట్టు మీద వాళ్ళిద్దర్నీ చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి రెండు కుర్చీలు పంపించాడు. వాటి మీద ఎవరూ కూర్చోలేదు.

ఆ రోజు మా బావ చివర నేను పట్టుకున్నాను. ఆయన పక్కనే నడుస్తూ, "ఎడమకిరా గాడిదా, ఎడమకి!" అని వీధంతా వినపడేలా అరిచాడు. అద్దం క్షేమంగా బిగిసింది. నా నడుం మాత్రం వారం రోజులు పట్టేసింది.

సాయంత్రం మా అక్క ఏమీ అడక్కుండానే మా బావ అన్నీ చెప్పాడు. వాళ్ళ నాన్న గుండీలతో సహా చెప్పాడు. అక్క నిలబడి వింటున్నది కాస్తా నేల మీద కూర్చుండిపోయింది. "మూడు నెలలుగా టీ ఒలకబోస్తున్నారని, ఒళ్ళు దగ్గర పెట్టుకోండని రోజూ నోరు పారేసుకున్నానండీ," అని బావురుమంది. మా బావ ఆమె పక్కన కూర్చుని, "కప్పు నిండా పోస్తున్నావేమోననుకున్నాను," అన్నాడు. ఆ మాటకి ఆమె ఏడుపు ఇంకా ఎక్కువైంది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి నలుగురం వెళ్ళాం. ఆవిడ మా బావని వేళ్ళు చాపమంది, ముక్కు ముట్టుకోమంది, కాగితం మీద గుండ్రంగా గీత గీయమంది. తరవాత ప్రశ్నలు.

"ఎప్పటి నుంచి?"

"ఏమోనండీ," అన్నాడు మా బావ.

"గ్రంథాలయం తలుపు బిగించిన రోజు నుంచి," అన్నాడు వెనకనుంచి నిదానం అన్న. "మంగళవారం. మెట్లెక్కుతుంటే."

"ఏ చెయ్యి ముందు?"

మా బావ తన చేతుల్ని తనే కొత్తగా చూసుకున్నాడు.

"కుడి," అన్నాడు నిదానం అన్న. "ఎడమ నెల తరవాత. పొద్దున తక్కువ. టీ తాగాక ఎక్కువ. తిననప్పుడు మరీ ఎక్కువ. ఎవరి మీదైనా కోపమొచ్చి ఎత్తితే, దించేదాకా ఆగదు."

డాక్టరమ్మ మా అక్క వైపు చూసింది. అక్క లేదండీ, నాకివేమీ తెలీదండీ అన్నట్టు తలూపి, కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆవిడ చివరికి చెప్పింది. పనికి వెళ్ళొచ్చు, కొలతలు తీసుకోవచ్చు, చిన్న పలకలు కోసుకోవచ్చు. మాత్రలు రాస్తాను, నెలకోసారి రావాలి. బరువైన అద్దాలు మాత్రం ఇక ఎత్తకూడదు, ఒక్కటి కూడా. మా బావ ఆవిడ వంక చూడలేదు, అక్క వంక చూడలేదు. వెనక్కి తిరిగి నిదానం అన్నని అడిగాడు.

"మరి నువ్వు ఎవరితో మోస్తావురా?"

"మీ బావమరిదితో."

"వీడితోనా! వీడు ఎడమంటే కుడికి పోతాడు, చంపేస్తాడు నిన్ను!"

"నువ్వు పక్కన నడువు. చెబుతూ ఉండు," అన్నాడు నిదానం అన్న.

డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది. భార్య అని మా అక్క పేరు రాసింది. బావమరిది అని నా పేరు రాసింది. కలం ఎత్తి నిదానం అన్నని అడిగింది.

"ఇన్ని సంగతులు చెప్పారు. మీరేమవుతారు ఈయనకి?"

నిదానం అన్న తడబడ్డాడు. అన్నదమ్ముడూ కాదు, చుట్టమూ కాదు. ఫ్రెండునని చెప్పడం ఆయనకి తెలీదు, జీవితంలో ఎప్పుడూ ఆ మాట వాడి ఎరగడు. చివరికి మెల్లగా అన్నాడు.

"అద్దానికి అవతలి చివర ఉంటానండి."

ఆవిడకి అర్థం కాలేదు. మా బావ చెయ్యి చాపి, అందరి ముందూ, వణుకుతున్న చెయ్యే, నిదానం అన్న చేతిని పట్టుకున్నాడు.

"ఎలా రాయాలో అలా రాయండమ్మా," అన్నాడు. "అవతలి చివర నాకున్నది ఈయనొక్కడే."